చొల్లంగి నుంచి అంతర్వేది దాకా: అడవి పక్షుల పరాన్నజీవుల వెంట ఏడు రోజులు

పుష్య మాసపు అమావాస్యను గోదావరి జిల్లాల్లో చొల్లంగి అమావాస్య అంటారు. ఆ రోజు చొల్లంగిలో సాగరసంగమ స్నానంతో మొదలుపెట్టి, గోదావరి ఏడు పాయలూ సముద్రంలో కలిసే చోట్లు తిరుగుతూ మాఘ శుద్ధ ఏకాదశికి అంతర్వేది చేరడాన్ని సప్తసాగర యాత్ర అంటారు. అడవి పక్షుల పరాన్నజీవులను వెతుక్కుంటూ డెల్టాలో తిరిగేవాళ్ళకు కూడా ఇంతకన్నా మంచి దారి, మంచి తిథి దొరకవు. చంద్రుడు లేని రాత్రి వల పక్షి కంటికి ఆనదు. పైగా ఈ దారి ఉప్పునీటి దగ్గర మొదలై, మంచినీటి కాలువల మీదుగా సాగి, మళ్ళీ ఉప్పునీటి దగ్గర తేలుతుంది. ఏ పక్షిలో ఏ పరాన్నజీవి ఉంటుందో ముందుగా తేల్చేది ఆ నీళ్ళే. ఆ నీళ్ళలో ఏ నత్త బతుకుతోంది, ఏ దోమ గుడ్లు పెడుతోంది, ఏ చేప తిరుగుతోంది అన్నది తెలిస్తే పక్షి రక్తంలో, పేగులో, గొంతులో ఏం వెతకాలో సగం తెలిసినట్టే.

బయలుదేరే ముందు రోజు: కాకినాడ

అడవి పక్షిని పట్టుకోవాలన్నా, దాని నుంచి ఒక్క చుక్క రక్తం తీయాలన్నా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. కోరింగ అభయారణ్యంలోకి పరిశోధన కోసం అడుగు పెట్టడానికి వేరే అనుమతి. జనవరిలో పనికి వానాకాలంలోనే దరఖాస్తు పెట్టుకోవడం మంచిది. అనుమతిలో లేని జాతి వలలో పడితే నమూనా తీయకుండా వదిలేయడమే.

సామాను సర్దడంలో ఎక్కువ జాగ్రత్త గాజు స్లైడులకే కావాలి. ఒక చివర గరుకుగా ఉండే స్లైడులు కొనాలి, ఆ గరుకు మీద పెన్సిల్‌తోనే రాయాలి. పెన్ను సిరా, మార్కరు రాత మిథనాల్‌లో ముంచగానే కరిగిపోయి ఏ స్లైడు ఏ పక్షిదో తెలియకుండా పోతుంది. స్లైడులను ముందే స్పిరిట్‌తో తుడిచి, నూలు ఊడని గుడ్డతో ఆరబెట్టాలి. 26 లేదా 27 గేజి సూదులు, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ మందు పూసిన సన్నటి గాజు గొట్టాలు, దూది, బ్యాటరీ ఫ్యాను, సిలికా జెల్ పొట్లాలు, పక్షులను ఉంచే నూలు గుడ్డ సంచులు పెట్టుకోవాలి. ఒక సంచిలో ఒక పక్షినే వేయాలి, ఉతక్కుండా దాన్ని ఇంకో పక్షికి వాడకూడదు. ఒక పక్షి పేను ఇంకో పక్షి ఖాతాలో పడితే ఆ లెక్క మొత్తం పనికిరాదు, ఆ తప్పును తర్వాత పట్టుకునే దారి కూడా లేదు.

మొదటి రోజు: చొల్లంగి

కాకినాడ నుంచి యానాం రోడ్డులో కొద్ది దూరం వెళ్ళగానే చొల్లంగి. స్నానాల జనం మధ్యాహ్నానికి పలచబడతారు. వల పని పొద్దు వాలాక.

ఉల్లంకులు, ఇసుక పిట్టలు పాటు సమయంలో బురద మీద మేస్తాయి. పోటు వచ్చి బురద మునిగితే గట్టు పక్కన నీళ్ళు నిలిచే మడుగుల దగ్గర గుంపుగా నిలబడతాయి. వల కట్టాల్సింది ఆ మడుగులకు అడ్డంగా. 12 మీటర్ల నల్లటి నైలాను వల, రెండు వెదురు గడలు. పగలు పాటులో కట్టి, రాత్రి పోటుకు నీళ్ళు ఎంత పెరుగుతాయో లెక్కవేయకపోవడం ఇక్కడ తరచూ జరిగే తప్పు. అమావాస్య పోటు మామూలు పోటు కన్నా పెద్దది. వల అడుగు తాడు పోటు నీటి మట్టానికి రెండు అడుగులైనా పైన ఉండాలి, ఎందుకంటే పక్షి పడగానే ఆ బరువుకు వల సంచిలా కిందికి వేలాడుతుంది. ఎంత ఎత్తు పెట్టాలో తెలియకపోతే కిందటి పోటు గట్టు మీద వదిలిన చెత్త గీత చూసి కొలుచుకోవచ్చు. వలను పది పదిహేను నిమిషాలకు ఒకసారి చూడాలి. అంత తరచుగా చూసే మనుషులు లేకపోతే వల విప్పకూడదు.

పొడవు కాళ్ళ పక్షులను వల నుంచి ముందుగా విడిపించాలి. వాటిని సంచిలో ముడుచుకుని కూర్చోబెడితే కాలి కండరాలు పట్టేసి, వదిలాక నిలబడలేకపోతాయి. వాటికి నిలబడేంత ఎత్తున్న గుడ్డ పెట్టె కావాలి.

రక్తం ఎంత తీయాలన్నదానికి కొలత పక్షి బరువే. ఒంటి బరువులో నూటికి ఒక వంతు దాటకూడదు. 25 గ్రాముల చిన్న ఉల్లంకికి ఆ హద్దు పావు మిల్లీలీటరు. స్లైడుకు, జన్యు పరీక్షకు కలిపి 50 మైక్రోలీటర్లు చాలు, అంటే రెండు చుక్కలు. రెక్క లోపలి వైపు మోచేయి దగ్గర చర్మం కింద నీలంగా కనిపించే సిరను స్పిరిట్ దూదితో తడిపి, ఈకలు పక్కకు తీసి, సూదితో గుచ్చి, ఉబికిన చుక్కను గాజు గొట్టానికి అందించాలి. సిరంజితో లాగితే ఇంత సన్నటి సిర ముడుచుకుపోతుంది. తర్వాత పొడి దూదితో ఒక నిమిషం నొక్కి పట్టుకోవాలి. అర నిమిషానికే దూది తీసి చూస్తే చర్మం కింద రక్తం గడ్డ కడుతుంది.

స్లైడు మీద చిన్న చుక్క వేసి, రెండో స్లైడు అంచును 30 నుంచి 45 డిగ్రీల వాలులో ఆనించి, చుక్క అంచంతా పాకాక ఒకే ఊపులో ముందుకు తోయాలి. చివర నాలుకలా పలచబడితే పూత కుదిరినట్టు. అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. ఈ తీరంలో రాత్రి గాలి తడితో బరువుగా ఉంటుంది. పూత మెల్లగా ఆరితే ఎర్ర కణాలు ముడతలు పడి, పగిలి, పరాన్నజీవి ఏదో మచ్చ ఏదో తేలదు. అందుకే బ్యాటరీ ఫ్యాను గాలికి పట్టి పది పదిహేను సెకన్లలో ఆరబెట్టాలి. నోటితో ఊదితే ఊపిరి తడి దాని మీదే పడుతుంది. ఆరిన స్లైడును బల్ల మీద వదిలేస్తే చీమలు, ఈగలు వచ్చి రక్తపు పూతను తినేస్తాయి. తెల్లారేలోగా మిథనాల్‌లో మూడు నిమిషాలు ముంచి తీయాలి. మిథనాల్ గాలిలోని నీటిని పీల్చుకుంటుంది. నీళ్ళు కలిసిన మిథనాల్‌లో ముంచితే కణాల మీద మెరిసే బుడగల్లాంటి మచ్చలు వస్తాయి, కొత్తవాళ్ళు వాటినే పరాన్నజీవులు అనుకుంటారు. ఏ రోజుకా రోజు కొత్త మిథనాల్ పోయాలి.

ఇంత కష్టపడి తెచ్చిన తీరపు ఉల్లంకుల స్లైడుల్లో చాలావాటిలో ఏమీ కనిపించదు. సముద్ర తీరాల్లో బతికే ఈ జాతుల్లో మలేరియా పరాన్నజీవులు చాలా తక్కువని, మంచినీటి చిత్తడుల్లో తిరిగే దగ్గరి జాతుల్లో ఎక్కువని వేర్వేరు దేశాల్లో చేసిన పరిశీలనలు చెబుతున్నాయి. ఉప్పు గాలి వీచే ఖాళీ బురద మీద దోమ నిలవలేకపోవడం దానికి ఒక కారణం. కాబట్టి ఖాళీ స్లైడును పారేయకూడదు. సూక్ష్మదర్శినిలో ఎన్ని క్షేత్రాలు, అంటే కటకం కింద ఒకసారికి కనిపించే మేరలు, చూశాక ఖాళీ అని రాశారో పక్కన రాసుకుంటే అదీ ఒక ఫలితమే.

వదిలే ముందు అనుమతి ఉన్నవాళ్ళు కాలికి నంబరు ఉన్న ఉంగరం తొడుగుతారు. మన దేశంలో ఈ పని పెద్ద ఎత్తున సాగడానికి కారణం కూడా పరాన్నజీవే. 1957లో కర్ణాటకలో క్యాసనూరు అడవి జ్వరం బయటపడినప్పుడు, దాన్ని అంటించే పిడుదులను వలస పక్షులు మోసుకొస్తున్నాయా అన్న ప్రశ్న వచ్చింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో వేల పక్షులను పట్టి, పిడుదులు ఏరి, ఉంగరాలు తొడిగి వదిలింది.

రెండో రోజు: కోరింగ మడ

1978లో అభయారణ్యంగా ప్రకటించిన కోరింగ మడ విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైమాటే. ఇక్కడ పక్షిని ముట్టుకోకుండానే పక్షి పరాన్నజీవులను లెక్కపెట్టవచ్చు. పాటు తీసినప్పుడు మడ చెట్ల మధ్య బురద మీద వేలకొద్దీ కనిపించే మొనదేలిన సన్నటి నత్త ఉంది. శాస్త్రంలో దాని పేరు పిరెనెల్లా సింగ్యులాటా. పక్షి రెట్టతో పాటు బురదలో పడిన చదునుపురుగు గుడ్డు ఈ నత్తలోకి చేరుతుంది. లోపల ఒకటి వందలై, సెర్కేరియా అనే తోక పిల్లలుగా నీళ్ళలోకి వస్తుంది. అవి చేపలోనో పీతలోనో దూరి గూడు కట్టుకుంటాయి. ఆ చేపను, పీతను తిన్న పక్షి పేగులో పెద్దవవుతాయి. నత్తలో పురుగు ఉందంటే అక్కడికి పక్షి వచ్చిందనే.

పద్ధతి తేలికే, ఓపిక కావాలి. ఒకే చోట నుంచి కనీసం వంద నత్తలు ఏరి, పొడవును బట్టి మూడు నాలుగు గుంపులు చేయాలి. పెద్ద నత్తలు ఎక్కువ కాలం బతికినవి కాబట్టి వాటిలోనే పురుగు ఎక్కువ కనిపిస్తుంది. ఒక చోట పెద్దవి, ఇంకో చోట చిన్నవి ఏరి రెండింటినీ పోల్చితే ఆ తేడా నత్త వయసుది, చోటుది కాదు. ఒక్కో నత్తను కడిగి, చిన్న గాజు గ్లాసులో అదే కాలువ నీళ్ళు గుడ్డతో వడగట్టి పోసి వేయాలి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటే సెర్కేరియాలు చచ్చిపోతాయి. వెలుగు బాగా పడే గట్టు మీద గంటా రెండు గంటలు ఉంచి, గ్లాసు వెనక నల్ల కాగితం పెట్టి భూతద్దంతో చూస్తే దుమ్ము కణాల్లా తెల్లటివి ఈదుతూ కనిపిస్తాయి. దుమ్ము కిందికి దిగుతుంది, సెర్కేరియా తోక ఆడిస్తూ పైకి వస్తుంది. గ్లాసును నేరుగా మండుటెండలో పెడితే నీళ్ళు వేడెక్కి నత్తే చచ్చిపోతుంది.

మొదటి రోజు ఏమీ వదలని నత్తలో పురుగు లేదని చెప్పలేం. లోపల ఇంకా ఎదగని దశలో ఉండవచ్చు. మూడు రోజులు వరసగా చూసి, అప్పటికీ వదలని వాటిలో కొన్నింటిని పగలగొట్టి లోపల చూడాలి. పురుగు పట్టిన నత్తకు సంతానం ఉండదు. బీజ గ్రంథి ఉండాల్సిన చోటంతా పురుగే నిండి ఉంటుంది. ఇన్ని నత్తలు బురదలో పాకుతున్నా వాటిలో కొన్ని పురుగుల కోసమే తిని, పురుగుల కోసమే తిరుగుతున్నాయంటే మొదట నమ్మకం కలగదు. పగలగొట్టి చూస్తే కలుగుతుంది.

పొద్దు వాలేసరికి నుసుములు ముసురుకుంటాయి. మడ బురదలో పుట్టే ఈ క్యూలికాయిడిస్ నుసుములే హీమోప్రోటియస్ అనే రక్త పరాన్నజీవిని చాలా పక్షులకు అంటిస్తాయి. చిన్న ఫ్యాను, అతినీల లైటు, కింద స్పిరిట్ సీసా ఉన్న బోనును చెట్టు కొమ్మకు వేలాడదీస్తే రాత్రికి వందల్లో పడతాయి. పొట్ట ఎర్రగా ఉబ్బినవాటిని అప్పటికప్పుడే విడిగా ఏరాలి. ఏ పక్షిని కుట్టాయో చెప్పగలిగేవి అవే.

మూడో రోజు: ద్రాక్షారామం

యానాం దగ్గర లోపలికి తిరిగి ద్రాక్షారామం చేరితే ఉప్పు గాలి తగ్గి వరి వాసన వస్తుంది. గుడి పావురాల జోలికి ఎవరూ వెళ్ళరు, వెళ్ళకూడదు కూడా. చుట్టుపక్కల ఊళ్ళలో పావురాల గూళ్ళు పెట్టుకున్న ఇళ్ళు ఉంటాయి. పెంపుడు పావురాలూ గోపురాల మీది పావురాలూ కలిసే మేస్తాయి కాబట్టి ఒకదాని ఈగ రెండోదాని మీదికి పోతూ ఉంటుంది.

ఆ ఈగ పేరు సూడోలింకియా. చదునుగా, తోలులా గట్టిగా ఉంటుంది, ఈకల కింద పీతలా పక్కకు పరుగెడుతుంది. పావురాన్ని పట్టుకోగానే చొక్కా చేతిలోకో జుట్టులోకో దూకుతుంది. పావురాన్ని తలొకటి బయట పెట్టి తెల్ల గుడ్డ సంచిలో రెండు నిమిషాలు ఉంచితే కొన్ని ఈగలైనా సంచిలో మిగులుతాయి. ఇది గుడ్లు పెట్టదు. కడుపులోనే పెరిగిన పిల్లను ఒక్కొక్కటిగా కంటుంది, అది వెంటనే నల్లబడి గింజలా గట్టిపడుతుంది. గూటి అడుగు దుమ్మును జల్లిస్తే మినపగింజ కన్నా చిన్నవి, నల్లగా నున్నగా ఉన్నవి కనిపిస్తాయి. వారానికోసారి గూళ్ళు ఊడ్చి ఆ దుమ్మును కాల్చే ఇంట్లో ఈగ తగ్గుతుంది, ఊడ్చి గూళ్ళ కిందే పోసే ఇంట్లో తగ్గదు.

పావురంలో ఉండే హీమోప్రోటియస్ కొలంబేను మోసేది ఈ ఈగే. ఈగ ఒంట్లో ఆ పరాన్నజీవి ఎలా పెరుగుతుందో మన దేశంలో పనిచేసిన హెలెన్ ఏడీ 1915లో వివరించారు. అంతకుముందు 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మనిషి మలేరియా పరాన్నజీవి దశను చూశారు. మరుసటి సంవత్సరం కలకత్తాలో దోమ లాలాజల గ్రంథి దాకా దారి మొత్తం తేల్చింది పక్షుల మలేరియాతోనే, పిచ్చుకల లాంటి చిన్న పిట్టల్లో. 1902లో నోబెల్ వచ్చింది. మనుషుల మలేరియా దోమ కాటుతో వస్తుందన్న నమ్మకానికి దారి వేసినవి ఆ పిట్టలే.

స్లైడు చదవడం నేర్చుకోవాలంటే పావురంతోనే మొదలుపెట్టాలి. ఒక భాగం గీమ్సా రంగు, తొమ్మిది భాగాలు బఫరు, అంటే పీహెచ్‌ను 7.2 దగ్గర నిలిపే నీళ్ళు, కలిపి గంటసేపు ముంచాలి. ఈ ప్రాంతపు బోరు నీళ్ళు ఉప్పగా, క్షారంగా ఉంటాయి. ఆ నీళ్ళతో కలిపితే అంతా నీలంగా మారి ఎరుపు కనిపించదు. పెట్రోలు బంకులో దొరికే బ్యాటరీ నీళ్ళలో బఫరు బిళ్ళ వేసి, కాగితంతో పీహెచ్ చూసుకుంటే సరిపోతుంది. పక్షి ఎర్ర కణానికి మనిషి కణానికి లేని కేంద్రకం మధ్యలో ఉంటుంది. హీమోప్రోటియస్ ఆ కేంద్రకం చుట్టూ లంకెలా వంగి కూర్చుంటుంది, ఒంటి నిండా బంగారు గోధుమ రంగు గింజలు ఉంటాయి. మలేరియా తెచ్చే ప్లాస్మోడియంకూ ఆ గింజలు ఉంటాయి, కానీ అది రక్తంలోనే విడిపోయి పిల్లలు పెడుతుంది. ఒక కణంలో ముక్కలు ముక్కలుగా గుంపు కనిపిస్తే అది ప్లాస్మోడియం. మూడో రకం రక్త పరాన్నజీవి ల్యూకోసైటోజూన్‌కు గింజలు ఉండవు, కణాన్ని ఆకారమే తెలియనంతగా సాగదీస్తుంది. దాన్ని మోసే నల్ల ఈగకు గలగల పారే నీళ్ళు కావాలి, నిలకడ నీళ్ళ డెల్టాలో దాని పాత్ర చిన్నదే. నూనె చుక్క వేసి చూసే పెద్ద కటకం కింద కనీసం వంద క్షేత్రాలు చూడకుండా ఏ స్లైడునూ ఖాళీ అని రాయకూడదు.

నాలుగో రోజు: ఎదుర్లంక వంతెన దాటి కొబ్బరితోటల్లోకి

గౌతమి దాటితే కోనసీమ. ఈ రోజు పగలంతా ప్రయాణమూ విశ్రాంతీ, పని సాయంత్రమే. దానికి కారణం పరాన్నజీవి అలవాటు. గోరింకలు, పిచ్చుకల పేగుల్లో ఉండే ఐసోస్పోరా అనే ఏకకణ పరాన్నజీవి తన గుడ్డులాంటి ఊసిస్టులను ఎక్కువగా మధ్యాహ్నం తిరిగాక రెట్టలో వదులుతుంది. అదే పక్షి రెట్టను పొద్దున పరీక్షిస్తే ఖాళీగా, సాయంత్రం పరీక్షిస్తే నిండుగా ఉండవచ్చు. పగటి ఎండకు ఊసిస్టులు చచ్చిపోతాయి కనుక సాయంత్రం వదలడం దానికి లాభం. నమూనా తీసిన వేళ రాయని రెట్టల లెక్కలు ఒకదానితో ఒకటి పోల్చడానికి పనికిరావు.

నాలుగింటికి గోరింకలు చేరే చెట్టు కింద అరటాకులు పరిస్తే చాలు. ఆకు నున్నగా ఉంటుంది, మట్టి అంటదు, మట్టిలో స్వేచ్ఛగా బతికే పురుగులు నమూనాలో కలవవు. రెట్టను నూటికి రెండున్నర పాళ్ళ పొటాషియం డైక్రోమేటులో కలిపి, పలచని పొరగా, మూత బిగించకుండా ఉంచాలి. గాలి ఆడితేనే ఊసిస్టు పండుతుంది. రెండు మూడు రోజుల తర్వాత 355 మిల్లీలీటర్ల నీళ్ళలో 454 గ్రాముల పంచదార కరిగించిన పాకంలో తేల్చి చూడాలి. ఊసిస్టు లోపల రెండు సంచుల్లో నాలుగేసి పిల్లలు ఉంటే ఐసోస్పోరా, నాలుగు సంచుల్లో రెండేసి ఉంటే దాని దగ్గరి చుట్టం ఐమీరియా. డైక్రోమేటు విషం. చేతి తొడుగులు వేసుకోవాలి, మిగిలింది కాలువలో పారబోయకూడదు.

ఐదో రోజు: చేపల చెరువులు

చేపల చెరువు గట్టు మీద కొంగ కనిపిస్తే రైతు లెక్క వేసేది అది తినే చేపలనే. అది చెరువులో వదిలేది కూడా లెక్కలోకి రావాలి. క్లైనోస్టోమం అనే చదునుపురుగు కొంగ నోట్లో, గొంతులో పెరుగుతుంది. కొంగ నీళ్ళలో ముక్కు ముంచినప్పుడు గుడ్లు నేరుగా చెరువులోకి దిగుతాయి. అక్కడ నత్త, తర్వాత చేప, మళ్ళీ కొంగ. చేప మొప్పల దగ్గర, కండలో పసుపు గింజల్లా కనిపించేవి దీని పిల్లలే. చేప పులుసు బాగా ఉడికితే భయం లేదు. పచ్చి చేప తినే అలవాటున్న జపాను, కొరియాల్లో మనుషుల గొంతుకు అంటుకున్న సందర్భాలు ఉన్నాయి. ఇక్కడ నష్టం మార్కెట్‌లోనే, పసుపు గింజలున్న చేపను ఎవరూ కొనరు.

ఈ గొలుసును కొంగ దగ్గర తెంచాలని టపాకాయలు కాల్చడం కన్నా నత్త దగ్గర తెంచడం తేలిక. గట్టు వెంబడి పిచ్చి మొక్కలు తీసేయడం, పంటకూ పంటకూ మధ్య చెరువును పూర్తిగా ఎండబెట్టడం, ఈ రెండూ చేస్తే నత్తకు చోటుండదు. ఒక కొంగను తరిమితే రేపు ఇంకొకటి వస్తుంది, ఎండిన చెరువులోకి నత్త అంత త్వరగా రాదు.

గూటిలోంచి పురుగు బయటికి రావాలంటే చేప కండను గోరువెచ్చటి ఉప్పు నీళ్ళలో, అంటే లీటరుకు ఎనిమిదిన్నర గ్రాముల ఉప్పు వేసిన నీళ్ళలో ఉంచాలి. తర్వాత ఆ పురుగును వేడి నీళ్ళలో వేసి ఒక్కసారిగా చంపి, అప్పుడు స్పిరిట్‌లోకి మార్చాలి. బతికున్నదాన్ని చల్లటి స్పిరిట్‌లో వేస్తే ముడుచుకుని ముద్ద అవుతుంది, లోపలి అవయవాలు ఎంత రంగు వేసినా కనిపించవు.

వెనకటి రోజుల్లో పేగు పురుగుల కోసం పక్షులను తుపాకీతో కాల్చి కోసేవాళ్ళు. ఇప్పుడు ఆ అవసరం లేదు. కొంగలు గూళ్ళు కట్టే కాలంలో చెట్ల కింద రాలిపడే చనిపోయిన పిల్లలు, కక్కిన చేపలు చాలినంత పదార్థం ఇస్తాయి. నీటికాకి, గూడబాతు కడుపులో కాంట్రాసీకం అనే గుండ్రటి పురుగులు గుత్తులుగా పట్టుకుని ఉంటాయి, వాటి పిల్లలూ చేపల్లోంచి వచ్చినవే. గూడబాతు చిక్కితే ముక్కు తెరిచి కింది సంచి లోపల చూడాలి. ఈక పేలు ఈకల్లో ఉంటాయన్న మాటకు అక్కడ మినహాయింపు ఉంది. పియాజెటియెల్లా పేలు ఆ సంచి లోపలి గోడకు పట్టుకుని బతుకుతాయి, గుడ్లు మాత్రం తల ఈకలకు అంటిస్తాయి.

ఒకే చోట రెండు మూడు పక్షులు చచ్చి ఉంటే వాటిని ముట్టుకోకూడదు, కోయకూడదు. బర్డ్ ఫ్లూ కాదని తేలేదాకా అది పశుసంవర్ధక శాఖ పని.

ఆరో రోజు: దాళ్వా చేలు, బాతుల మందలు

సార్వా కోత అయ్యాక రాలిన గింజ కోసం, నత్తల కోసం బాతుల మందలు చేలల్లోకి దిగుతాయి. మంద వెంట కర్ర పట్టుకుని నడిచేవాళ్ళు చేను నుంచి చేనుకు, ఊరి నుంచి ఊరికి పోతారు. అదే నీళ్ళలో రాత్రిళ్ళు అడవి బాతులు, పరజలు దిగుతాయి. ఇంటి బాతుకూ సైబీరియా బాతుకూ ఒకే నత్త ఎదురయ్యే చోటు ఇది.

ఆ నీళ్ళలో నాట్లు వేసిన ఆడవాళ్ళకు మోకాళ్ళ కింద ఎర్రటి దద్దుర్లు, దురద వస్తే ఎరువును అనుమానిస్తారు. చాలాసార్లు కారణం బాతులదో పశువులదో సెర్కేరియా. ట్రైకోబిల్హార్జియా అనే రక్తపు పురుగు పిల్ల బాతు కాలి చర్మంలోంచి దూరాలి. పొరపాటున మనిషి కాలిలో దూరి అక్కడే చచ్చిపోతుంది, ఆ చావుకే దురద. చెరువుల్లో ఈతగాళ్ళకు వచ్చే దురదకు కారణం ఇదేనని 1928లో అమెరికాలో కోర్ట్ అనే శాస్త్రవేత్త చూపించారు. పశువుల ముక్కులో గురక జబ్బు తెచ్చే షిస్టోసోమా నాసేల్‌ను 1930లలో మద్రాసులో వర్ణించారు, దాని నత్త ఇండోప్లానోర్బిస్ మన కాలువల్లోనే ఉంది.

దురద పక్షి పురుగుదా, పశువు పురుగుదా అని చేలోనే తేల్చవచ్చు. నత్తలను ఏరి, కోరింగలో చేసినట్టే గ్లాసుల్లో వేసి పొద్దుటి వెలుగులో పెట్టాలి. రెండు రకాల సెర్కేరియాకూ తోక చివర రెండుగా చీలి ఉంటుంది. ఒక చుక్కను స్లైడు మీద వేసి చిన్న కటకం కింద చూస్తే, తల వైపు రెండు నల్లటి కంటి చుక్కలుంటే అది పక్షి పురుగు, లేకపోతే పశువు పురుగు. సన్నటి లిమ్నియా నత్తలోంచి వచ్చిందా, చక్రంలా చుట్టుకున్న ఇండోప్లానోర్బిస్‌లోంచి వచ్చిందా అన్నదీ రాసుకోవాలి. ఈ గ్లాసుల్లో వేళ్ళు ముంచకూడదు, దురద వేళ్ళకూ వస్తుంది.

నత్తల కోసం దిగేవాళ్ళు రబ్బరు బూట్లు వేసుకోవాలి. నాట్లు వేసేవాళ్ళకు ఆ వీలుండదు. వాళ్ళు గట్టెక్కిన వెంటనే, తడి ఆరకముందే ముతక తువ్వాలుతో కాళ్ళు గట్టిగా తుడుచుకుంటే చాలావరకు తగ్గుతుంది. నీళ్ళ పొర ఆరేకొద్దీ సెర్కేరియా చర్మంలోకి తొలుస్తుంది. మంద దిగి వెళ్ళిన మడిలో నాటు వేసే రోజు పొద్దెక్కాక కన్నా తెల్లవారుజామునే పని చూసుకోవడం మేలు, వెలుగు పెరిగేకొద్దీ నత్తలు వదలడం పెరుగుతుంది.

ఏడో రోజు: అంతర్వేది, పంటు, నరసాపురం

వైనతేయ దాటి సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది చేరేసరికి మళ్ళీ ఉప్పు గాలి. ఇక్కడ పని పేలతోనే. సముద్రపు కాకులు, రామదాసు పిట్టలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొస్తాయి. ఒక్కటే పడి ఉంటే, అనుమతి ఉంటే, తొడుగులు, ముసుగు వేసుకుని వెంటనే ఒక్కో పక్షిని ఒక్కో సంచిలో మూతి కట్టాలి. ఒళ్ళు చల్లబడ్డాక కొన్ని పేలు దిగిపోతాయి, పక్కపక్కన పెడితే ఒకదాని మీదివి ఇంకోదాని మీదికి వెళ్ళిపోతాయి. బట్టల సబ్బు పొడి కలిపిన నీళ్ళలో పక్షిని మూత బిగించిన డబ్బాలో వేసి గట్టిగా కుదిపి, నీళ్ళను సన్నటి జల్లెడలో వడగట్టి, మళ్ళీ రెండోసారి అదే చేయాలి. మొదటి కడుగులో రానివి రెండోసారి వస్తాయి. బతికున్న పక్షికి పేలను చంపే పైరెత్రిన్ పొడి కళ్ళకు, ముక్కుకు తగలకుండా ఈకల్లో రుద్ది, తెల్ల కాగితం మీద దులపాలి.

పేను పక్షి ఒంటి మీద ఎక్కడ ఉంటే ఆ చోటుకు తగ్గ ఆకారంలో ఉంటుంది. ముక్కు చేరలేని తల ఈకల్లో ఉండేది పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. రెక్క ఈకల మధ్య ఉండేది సన్నగా పొడవుగా ఉండి, ఈక గీతల మధ్య ఇరుక్కుని ముక్కుకు చిక్కదు. పేలను నూటికి పది పాళ్ళ పొటాషియం హైడ్రాక్సైడులో ఒక రోజు ఉంచి, నీళ్ళలో కడిగి, స్పిరిట్ పలచన నుంచి చిక్కనకు మార్చుకుంటూ వచ్చి, లవంగ నూనెలో తేటపరచి, కెనడా బాల్సం అనే జిగురులో అద్దం కిందకి పంపాలి. స్పిరిట్ మెట్లలో తొందరపడితే లోపల నీళ్ళు మిగిలి బాల్సం పాలలా తెల్లబడుతుంది.

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ఠ దాటితే నరసాపురం, అక్కడి నుంచి రైలు. రైలులో స్పిరిట్, మిథనాల్ తీసుకెళ్ళకూడదు. అందుకే జన్యు పరీక్షకు రక్తాన్ని మొదటి రోజు నుంచే స్పిరిట్‌లో కాకుండా కణాలను పగలగొట్టే లైసిస్ బఫరు ద్రవంలోనో వడపోత కాగితం మీదో తీసుకోవాలి. కాగితం మీది చుక్క నీడలో పూర్తిగా ఆరాకే కవరులో పెట్టి సిలికా జెల్ వేయాలి, సగం ఆరినది బూజు పడుతుంది. ఆ రక్తంలోంచి పరాన్నజీవి సైటోక్రోమ్ బి జన్యువులో 479 అక్షరాల ముక్కను చదివి, 2009లో మొదలైన మాల్‌ఏవీ అనే ప్రపంచ జాబితాతో పోలుస్తారు. కోరింగ గట్టు మీది పిట్టలో ఉన్న రకమే ఇంకో ఖండంలోని పిట్టలో కనిపిస్తే ఇలాగే తెలుస్తుంది. అయితే ఒకే పక్షిలో రెండు రకాలుంటే జన్యు పరీక్ష తరచూ ఒకదాన్నే చూపిస్తుంది. స్లైడు రెండింటినీ చూపిస్తుంది. అందుకే రైలులో స్లైడుల పెట్టెను సీటు కింద పెట్టకుండా ఒళ్ళో పెట్టుకుని, స్లైడులు నిలువుగా ఉండేలా పట్టుకుని, మధ్యలో ఒకసారి మూత తీసి సిలికా జెల్ నీలంగానే ఉందో గులాబీ రంగుకు తిరిగిందో చూసుకోవాలి.